కోత ముక్కల బుట్ట

నాలుకతో బతికేవాడికి నాలుకే పోతే ఏం చేస్తాడు? వీధి వీధీ తిరిగి చెప్పుకుంటాడా? చుట్టల కార్ఖానాలో రుచి చూసే మేస్త్రి కూడా చెప్పుకోలేదు. మొన్న వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ అతని నోట్లోని రుచినీ ముక్కులోని వాసననీ మూట కట్టుకుని పోయింది. జ్వరం తగ్గిందన్న మాట అందరికీ చెప్పాడు. రెండో మాట గుటక వేసి మింగేశాడు. ఆ మింగిన మాట అప్పట్నుంచీ అరగకుండా గొంతులోనే ఉంది.

ఆ సాయంత్రం కూడా ఎప్పటిలాగే చుట్టల హాలు చివర, కిటికీ పక్కనున్న ఎత్తు కుర్చీలో కూర్చున్నాడు. రెండు వరసల బల్లల దగ్గర చుట్టేవాళ్ళు ఆఖరి చుట్టలకి బంక రాసి కొసలు మూస్తున్నారు. వంపు కత్తులు చెక్కల మీద టకటకమంటున్నాయి. ఒక్కొక్కరే వచ్చి కుర్చీ ఎదుట నిలబడితే, వాళ్ళ గుట్టలోంచీ మేస్త్రి తన చేతికి వచ్చిన చుట్ట ఒకటి తీసి కాల్చి చూస్తాడు. "కట్టండి" అంటే ఆ గుట్టకి రిబ్బను కట్టి పెట్టెలో పెడతారు. "విప్పండి" అంటే చుట్టినవాళ్ళే అక్కడే నిలబడి, తమ చేత్తో తామే గుట్టంతా విప్పాలి. యజమాని తాత పెట్టిన పద్ధతి అది. చుట్టేవాళ్ళు నాలుగు తిట్లయినా పడతారు గానీ ఆ ఒక్క మాట పడలేరు.

మేస్త్రి ఒక చుట్టని రెండు వేళ్ళ మధ్య నిదానంగా దొర్లించాడు. చెవి దగ్గర పెట్టుకుని మెల్లిగా నొక్కి విన్నాడు. కొస కత్తిరించి, పొడుగు అగ్గిపుల్ల గీసి, మంట ఆకుని తాకకుండా కాస్త ఎడంగా పట్టి, అంచంతా ఎర్రబడేదాకా చుట్టని తిప్పుతూ ఆగాడు. తరవాత కళ్ళు మూసుకుని ఒక దమ్ము లాగి నోటినిండా ఉంచుకున్నాడు. పొగ మింగడు. అది చుట్టంటే తెలియనివాళ్ళు చేసే పని. నోట్లో ఒకసారి తిప్పి, సగం పెదాల మీంచీ సగం ముక్కులోంచీ వదిలాడు.

వేడిగా ఉంది. వేడి తప్ప ఇంకేమీ లేదు. ఉడికే గిన్నె మీద మూత తీస్తే మొహానికి కొట్టే ఆవిరికీ దీనికీ తేడా తెలియలేదు.

నిజానికి అతను కళ్ళు పూర్తిగా మూసుకోవడం మానేసి నెలలైంది. రెప్పల సందులోంచి నుసి వంక చూస్తాడు. తెల్లగా, గట్టిగా, రాలకుండా నిలబడిందా? నిప్పు చుట్టూతా సమంగా దిగుతోందా? దమ్ము బిగుసుకోకుండా వస్తోందా? అంతవరకే చూసి, చూసినదాన్ని రుచి చూసినట్టు చెప్పేవాడు. ఇన్నాళ్ళలో ఒక్కసారీ దొరకలేదు. ఈ ఏడు ఆకు బాగా పండినట్టుంది, చెడ్డ చుట్ట ట్రేలోకి రావడమే లేదు అనుకునేవాడు. నా వేళ్ళకే నాలుక మొలిచిందేమోనని ఒక్కోసారి మురిసిపోయేవాడు కూడా. అదృష్టం కలిసొచ్చినప్పుడు అది మన తెలివే అనుకోవడం మనకేం కొత్త?

"కట్టండి," అన్నాడు. మరొకటి కాల్చి మళ్ళీ "కట్టండి," అన్నాడు.

అప్పటికే వదిన బుట్ట పట్టుకుని బయల్దేరింది. వదినంటే అతని సొంత అన్న భార్య. హాల్లో అందరికన్నా పాత చెయ్యి ఆవిడదే. వెడల్పాటి పై ఆకుతో చుట్టే పెద్ద చుట్టలు ఆవిడ తప్ప ఎవరూ చుట్టరు. పొద్దున్నే అందరికీ ఆకు పంచేది కూడా ఆవిడే. అలాంటి మనిషికి కొన్ని నెలలుగా ఇదేం పిచ్చో గానీ, సాయంత్రం అయ్యేసరికి చేతిలో పని వదిలేసి బల్ల బల్లకీ తిరిగి కోత ముక్కలు ఏరుతోంది. చుట్ట కొసలు కోసినప్పుడు చెక్క మీద పడే ముక్కలవి. ఊడ్చే ముసలామె చీపురుతో ఎత్తి డబ్బాలో పోసేవి. వదిన ఒక్కో బల్ల దగ్గరా వంగి, ముక్క ఒకటి పంటికింద పెట్టుకుని, చుట్టేవాళ్ళ చెవిలో ఏదో గొణిగి, ఇంకో బల్లకి కదిలేది.

కుర్చీ పక్కకి వచ్చేసరికి మేస్త్రి గొంతు తగ్గించి అడిగాడు. "వదినా, ఆ బుట్ట నీకెందుకు? ఊడ్చే ఆవిడ లేదా? రిబ్బన్లు కట్టేవాళ్ళు నవ్వుతున్నారు."

"నవ్వనీ. పళ్ళకి కాస్త గాలి తగులుతుంది."

"ముక్కలకి కూడా ఆశపడుతోందంటున్నారు. పోయేది నా పరువు."

"నీ పరువుకేమయ్యా, ఈ బుట్టలోనే భద్రంగా ఉంది," అంది వదిన. "చచ్చే బరువు. తప్పుకో."

మేస్త్రికి ఒళ్ళు మండింది. ఆవిడ కుడి బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉండడం చూశాడు. చూసి ఊరుకున్నాడు.

మర్నాడు పొద్దున యజమాని పిలిపించాడు. మెత్తని మనిషి. గొంతు పెంచడు, కుర్చీ చూపించకుండా మాట్లాడడు. అలాంటివాళ్ళు చెప్పే చెడ్డమాట ఇంకా బరువుగా ఉంటుంది.

"మీ వదినగారి సంగతే. పెద్ద చుట్టల పెట్టెలు నిండడం లేదు. ఆవిడ ఇదివరకటి పనిలో సగం కూడా చెయ్యడం లేదు. బొటనవేలు వంగడం లేదట."

"పెద్దదైంది కదండీ."

"నేను కాదనను. పెద్ద చెయ్యి, నిదానంగా చేసినా పరవాలేదు, చుట్ట బాగుంటే చాలు. రేపు సాయంత్రం ఆవిడ గుట్ట చూడండి. నేనూ పక్కన కూర్చుంటాను. మీరు కట్టండి అంటే ఆవిడ ఓపికున్నన్నాళ్ళూ ఆ బల్ల ఆవిడదే, ఇంకెవరి మాటా వినను. విప్పండి అంటే..." యజమాని పెన్ను మూత పెట్టాడు. "కింద ఈనెల గదిలో మనుషులు కావాలంటున్నారు. ఆకు మధ్య ఈనె లాగడానికి బొటనవేలితో అంత పని లేదు."

ఈనెల గదంటే కొత్తవాళ్ళని పెట్టే చోటు. పనికిరానివాళ్ళని కూడా పెట్టే చోటు. అక్కడికి దిగినవాళ్ళెవరూ మళ్ళీ మెట్లెక్కలేదు.

"మీ వదినని మీరే చూడాల్సి రావడం ఇబ్బందే," అన్నాడు యజమాని. "కానీ మీ నోటి మీద నాకు నమ్మకం."

మేస్త్రి తల ఊపాడు. ఇంకేం చేస్తాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

భార్య పోయినప్పట్నుంచీ అతని భోజనం అన్న ఇంట్లోనే. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని సంగతి చెప్పాడు. అన్న తినడం ఆపి భార్య మొహంలోకి చూశాడు. వదిన మాత్రం కూర వడ్డించడం ఆపలేదు.

"ముందే చెప్పడం మంచిదైంది. రేపు నిదానంగా చుడతాను. ఒక్క గుట్టేగా," అంది. తరవాత గరిట గిన్నెలో పెట్టి, మరిది వైపు తిరిగింది. "నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"నాకేం?"

"నోరు బాగానే ఉందా అని."

అన్నం ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "నా నోటికేమైంది? ఎందుకలా అడుగుతున్నావు?"

"ఊరికే. ఏదైనా ఉంటే నాకు చెప్పు. నేనేమైనా పరాయిదాన్నా? చిన్నప్పుడు నీకు చేదు మందు పోసిన చెయ్యే ఇది."

చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. ఆ సంగతి అతనికీ తెలుసు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒక్కసారిగా గొంతు పెంచాడు. "నాకేం రోగం? గుండ్రాయిలా ఉన్నాను!"

అన్న నవ్వాడు. "గుండ్రాయి రుచేం చూస్తుందిరా?"

వదిన నవ్వలేదు. ఇంకో గరిటె కూర వేసి, "సరే, తిను," అంది.

మర్నాడు పొద్దుటినుంచీ మేస్త్రి కళ్ళు వదిన బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ లోపలి ఆకుల్ని ఒక్కొక్కటీ మడిచి, అరచేతిలో పక్కపక్కన పేర్చి, మధ్యలో గాలి ఆడేంత సందు వదిలి, కట్టు ఆకులో దొర్లించి, అచ్చుచెక్కలో పెట్టింది. పై ఆకు పరిచేటప్పుడు అరచేతి మొదలుతో నిమిరింది, ఎక్కడా ముడత లేకుండా. అంతవరకూ ఆ చేతికి వంక పెట్టేవాడు పుట్టలేదు. చివరికి, కొస దగ్గర ఆకుని లాగి బిగించేచోట బొటనవేలు పలకలేదు. చూపుడువేలితో నొక్కింది. మళ్ళీ నొక్కింది. అక్కడ కట్టు ఓ పక్కకి కాస్త సడలింది. హాలు చివరినుంచి కూడా అతనికి కనబడింది.

సాయంత్రం వదిన చుట్టలు ట్రేలో పెట్టి, పద్ధతి ప్రకారం కుర్చీ ఎదుట నిలబడింది. యజమాని పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చున్నాడు. మేస్త్రి ఒక చుట్ట తీసుకున్నాడు. యజమాని ఒకటి తీసుకున్నాడు. మేస్త్రి మాట చెప్పేదాకా పక్కవాళ్ళు నోరు విప్పకూడదు. అది కూడా పద్ధతే. హాల్లో కత్తుల చప్పుడు ఆగింది.

అంటించాడు. వేడి. లాగాడు. వేడి. దమ్ము బాగానే వస్తోంది. నుసి తెల్లగా, గట్టిగా ఉంది. కాలుతూ కాలుతూ నడుమకొచ్చేసరికి ఒక పక్క నిప్పు ముందుకి పాకింది, ఇంకో పక్క వెనకబడింది. నుసి వాలింది.

ఇదివరకైతే అతను ఆ వంకరని లెక్కచేసేవాడు కాదు. రుచి ఉంటే వంకర క్షమించాలి అని చుట్టేవాళ్ళకి చెప్పినవాడు అతనే. మరి రుచి ఉందా? యజమాని అర్ధనిమీలిత నేత్రాలతో పొగ వదులుతున్నాడు. ఆ మొహంలో ఏమీ తెలియడం లేదు. కట్టండి అంటే, ఈ వంకర చుట్టలో ఏం రుచి చూశారు మేస్త్రీ, కాస్త చెప్పండి అని అడిగితే? మొదలేమిటి, నడుమేమిటి, చివరేమిటి అంటే? అడ్డంగా దొరికిపోతాడు. పైగా వదినని వెనకేసుకొచ్చాడన్న మాట ఒకటి. విప్పండి అంటే ఎవరూ ఏమీ అడగరు. వంకర అందరి కళ్ళకీ కనబడుతోంది. అయినా ఈనెల గదిలో కూర్చుని చేసే పనే కదా, వేలికి విశ్రాంతి, అని తనకి తాను చెప్పుకున్నాడు. పిరికివాడికి ఆ క్షణంలో ఎంత దయ పుట్టుకొస్తుందో!

"విప్పండి," అన్నాడు.

హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. యజమాని చేతిలో చుట్టని ఒకసారి తిప్పి చూసుకున్నాడు.

"అలాగా," అన్నాడు. "నాకు మాత్రం నోట్లో తేనె పోసినట్టుంది సుమండీ. ఇంత మంచి చుట్ట ఈమధ్య కాల్చలేదు. సరే, మీరు చెప్పాక ఇంక మాటేముంది."

మేస్త్రి నోరు తెరిచాడు. తెరిచిన నోట్లోంచి పొగ వచ్చింది గానీ మాట రాలేదు.

వదిన అప్పటికే మొదలుపెట్టింది. చుట్ట కొస దగ్గర బంక ఊడగొట్టి, పై ఆకుని చిరగకుండా చుట్టూ తిప్పుతూ తీసింది. పై ఆకు ఒక పక్క, కట్టు ఆకు ఒక పక్క, లోపలి ఆకులు ఒక పక్క పెట్టింది. విప్పినవి కుప్పగా పారేసి పోతారు అందరూ. ఆవిడ మాత్రం మళ్ళీ చుట్టబోతున్నట్టే సర్దింది. తల ఎత్తలేదు. బొటనవేలి పీలిక ఊడితే పళ్ళతో లాగి కట్టుకుని మళ్ళీ విప్పింది. అంతా అయ్యాక బల్ల దగ్గరికి వెళ్ళి వంపు కత్తిని తుడిచి చెక్క మీదే ఉంచింది. అన్నం గిన్నె సంచిలో పెట్టుకుంది. కోత ముక్కల బుట్టని ఊడ్చే ముసలామె చేతికిచ్చి వెళ్ళిపోయింది.

ఆ పూట ఇంట్లో అన్న అతనితో మాట్లాడలేదు. వదినే కసిరింది. "ఏం తప్పు చేశాడని మొహం అలా పెట్టావు? నుసి వంకర పోయింది. చూశాడు, చెప్పాడు."

చూశాడు అంది. రుచి చూశాడనలేదు. మేస్త్రి ఆ తేడా గమనించే స్థితిలో లేడు. తల వంచుకుని తిని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

వదిన బల్ల దగ్గర కొత్తమ్మాయిని కూర్చోబెట్టారు. చురుకైన పిల్లే, చేతులు చకచకా ఆడతాయి. పాపం, ఆకు ముట్టుకుని వయసు చెప్పగలిగేంత అనుభవం ఇంకా లేదు. ఆకు పంచే పని కూడా ఆ అమ్మాయికే వచ్చింది. సాయంత్రాలు ముసలామె చీపురు పట్టుకుని వచ్చి కోత ముక్కలు డబ్బాలో పోసుకుని పోతోంది. మేస్త్రి కుర్చీలో కూర్చుని నుసి చూస్తున్నాడు, కట్టండి అంటున్నాడు. ఏమీ మారలేదని అనుకోవడానికి బాగా ప్రయత్నించాడు.

ఆ వారం చివరికి ఒక సాయంత్రం ట్రే వచ్చింది. మొదటి చుట్ట నుసి వెండిలా ఉంది. "కట్టండి," అన్నాడు. రెండోదీ అంతే. మూడోదానికి వచ్చేసరికి హాల్లో ఏదో తేడాగా అనిపించింది. కత్తులు ఆగిపోయాయి. చుట్టేవాళ్ళందరూ పని వదిలేసి అతని వంకే చూస్తున్నారు. ఒకాయన నోరు కూడా తెరుచుకుని ఉంది. మెచ్చుకుంటున్నారు కాబోలు అనుకున్నాడు మేస్త్రి. ఇంకాస్త దర్జాగా పొగ వదిలి, "కట్టండి," అన్నాడు. ట్రే ఖాళీ అయ్యేదాకా అదే మాట. రిబ్బన్లు కట్టేవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కట్టారు.

అందరూ వెళ్ళాక అద్దాలాయన ఒక్కడూ ఆగాడు. కిటికీ వైపు వరసలో మొదటి బల్ల ఆయనది. కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుస్తూ నిలబడ్డాడు.

"ఏమిటి సంగతి?" అన్నాడు మేస్త్రి.

"ఏమీ అనుకోనంటే ఒక మాట."

"చెప్పు."

"ఇవాళ పంచిన ఆకు పచ్చిది మేస్త్రీ. ఇంకా మాగలేదు. మధ్యాహ్నం ఒకటి కాలిస్తే గొంతులో ముల్లు దిగినట్టయింది. పొద్దున్నే యజమానికి చెప్పాం. మేస్త్రి విప్పమంటే ఆపేద్దాం అన్నాడు. మీరు మొదటిదానికే విప్పండి అంటారని అందరం కాసుకుని కూర్చున్నాం. మీరేమో..." ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. "మీ వదినగారు ఉండగా ఇలా ఎప్పుడూ జరగలేదు కదా, అందుకని అడుగుతున్నాను."

"మా వదినకీ దీనికీ ఏం సంబంధం?"

"అదేమిటి, మీరే కదా పంపించేవారు?"

"ఎక్కడికి?"

"ముక్కలు చూడ్డానికి. సాయంత్రం బుట్ట పట్టుకుని వచ్చి, ముక్క కొరికి చూసి, 'మేస్త్రి చెప్పమన్నాడు, ఇవాళ నీ కలుపులో ఘాటాకు ఎక్కువైంది, ట్రేలో పెట్టకముందే మార్చు' అనేది. మాకు చేతకాకపోతే తనే మా బల్ల దగ్గర కూర్చుని విప్పి మళ్ళీ చుట్టేది. మేస్త్రికి ఎంత దయ, పదిమందిలో విప్పించకుండా ముందే చెప్పిస్తున్నాడు అనుకునేవాళ్ళం. అలా మా చుట్టలు చుట్టీ చుట్టీ కాదూ, ఆవిడ సొంత పని వెనకబడిందీ, ఆ వేలు చెడిందీ?"

మేస్త్రి కుర్చీ చెయ్యి పట్టుకున్నాడు. "ఎప్పట్నుంచి?"

"మీరు జ్వరం తగ్గి వచ్చారు చూడండి, అప్పట్నుంచి."

అద్దాలాయన ఇంకా ఏదో అన్నాడు. మేస్త్రికి వినబడలేదు. నీ పరువు ఈ బుట్టలోనే భద్రంగా ఉంది. చచ్చే బరువు. తప్పుకో. ఆ మాటలే చెవిలో జోరీగలా తిరిగాయి. తన వేళ్ళకి నాలుక మొలవలేదు. ఆకు మంచిదీ కాలేదు. ఇన్నాళ్ళూ తను కూర్చున్న కుర్చీని కింద ఒక ముసలి చెయ్యి మోసింది. ఆ చేతినే పట్టుకుని పదిమందిలో విప్పించాడు.

కుర్చీ దిగి తిన్నగా యజమాని గదికి వెళ్ళాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"నాకు రుచి పోయిందండీ. వాసనా పోయింది. జ్వరంతోటే పోయాయి. వదిన చుట్ట నేను రుచి చూసి చెప్పలేదు. ఇవాళ్టి ఆకు పచ్చిదని కూడా నాకు తెలియలేదు."

యజమాని లేచి తలుపు మూశాడు. "ఇంకెవరికి తెలుసు?"

మొదట అడిగింది అది. మేస్త్రి జరిగినదంతా చెప్పాడు. యజమాని విన్నాడు. కోప్పడలేదు. కాసేపు గడ్డం గోక్కుని, మంచి ఉపాయమే తట్టినట్టు ముందుకి వంగాడు.

"ఒక పని చేద్దాం. ఇవాళ్టివి చప్పుడు కాకుండా పక్కన పెట్టిస్తాను. రేపట్నుంచి మీ వదినగారు సాయంత్రం ఒక్కసారి పైకి వచ్చి, ముక్కలు ఏరుకుని, మీ చెవిలో మాట చెప్పి దిగిపోతారు. కుర్చీలో మీరే ఉండండి. ఇన్నాళ్ళూ నడిచిందేగా."

"మరి ఆవిడ బల్ల సంగతి?"

"బల్ల ఎలా వస్తుందండీ? విప్పండి అనిపించుకున్న చేతిని మళ్ళీ కూర్చోబెడితే ఎందుకని అడగరూ?"

"నేను తప్పు చెప్పానని చెబుదాం."

"అది తప్పయితే మీరు కట్టండి అన్న పెట్టెలన్నీ తప్పే. కొట్లవాళ్ళు ఊరుకుంటారా?" యజమాని గొంతు ఇంకా మెత్తబడింది. "మీకు మర్యాద పోదు, నాకు పేరు పోదు. ఆవిడకి పోయింది ఎలాగూ పోయింది."

మేస్త్రి ఒక్క క్షణం ఆ మాట వంక ఆశగా చూశాడు. చూడలేదని ఎందుకు అబద్ధం చెప్పాలి? ఆ కుర్చీ అంటే అతనికి ప్రాణం. తరవాత, "నా వల్ల కాదండీ," అన్నాడు.

మర్నాడు పొద్దున అందరూ వచ్చి కూర్చున్నాక హాలు మధ్యకి వెళ్ళి నిలబడ్డాడు. ముందు రోజు రిబ్బను కట్టిన గుట్ట ఒకటి చేతిలో ఉంది.

"నిన్నటి చుట్టలన్నీ విప్పాలి," అన్నాడు. "మీరు కాదు, నేను విప్పుతాను. తప్పు మీ చేతుల్లో లేదు. నాకు నోట్లో రుచి లేదు. జ్వరం నుంచీ లేదు. ఆ రోజు మా వదిన చుట్టలు విప్పించింది ఈ చచ్చిన నోరే. యజమానిగారు తేనెలా ఉందన్నారు, అదీ నిజం."

కొత్తమ్మాయి వంపు కత్తిని చటుక్కున కింద పెట్టేసింది, అది తనది కాదని అప్పుడే తెలిసినట్టు. మేస్త్రి కుర్చీ ఎదుట, చుట్టేవాళ్ళు నిలబడేచోట నిలబడి, రిబ్బను లాగి విప్పడం మొదలుపెట్టాడు. రుచి చూసే చేతులకి విప్పడం అలవాటు లేదు. పై ఆకులు చిరిగిపోయాయి. కాసేపటికి అద్దాలాయన వచ్చి పక్కన నిలబడి, మాట్లాడకుండా ఒక గుట్ట అందుకున్నాడు.

వదినకి బల్ల తిరిగి రాలేదు. యజమాని వచ్చి, అంతా చూసి, ఎవరినీ ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. గంట తిరక్కుండానే రుచి చూడ్డానికి ఇంకో కార్ఖానా మనిషికి కబురు వెళ్ళింది. ఆ వంగని వేలితో పెద్ద చుట్టలు కుదరవని, కొత్తమ్మాయి ఉండనే ఉందని, గుమాస్తా చేత చెప్పించాడు. మేస్త్రికి మాత్రం రెండు దారులు చూపించాడు. ఇంటికైనా వెళ్ళవచ్చు, ఈనెల గదికైనా దిగవచ్చు.

ఈనెల గదిలో కిటికీ చిన్నది. తడిపిన ఆకుల కుప్పల మధ్య వదిన పీట మీద కూర్చుని ఉంది. మరిది మెట్లు దిగి రావడం చూసింది. పక్కనున్న పీటని కాలితో ముందుకి తోసింది. అతను కూర్చున్నాడు. ఒక ఆకు తీసి ఈనె లాగాడు. ఆకు సగానికి చిరిగింది.

"అడుగునుంచి కాదు, కొస నుంచి మొదలుపెట్టు," అంది. "రెండు వేళ్ళకి చుట్టుకుని లాగు. పీకకు, అది నీ మీసం కాదు."

ఇంకో ఆకు తీశాడు. కొంచెం మెరుగు.

"మెట్ల మీంచి అంతా వినబడిందిలే," అంది వదిన. "నీకేమైనా బుద్ధుందా? చప్పుడు కాకుండా ఇదివరకటిలాగే నడపమని యజమాని అనే ఉంటాడు, ఒప్పుకోవలసింది. బుట్ట మోయడం నాకు బరువా?"

"బరువని నువ్వే అన్నావుగా."

"ఏదో అన్నాను. మనుషులు సవాలక్ష అంటారు."

అతను ఆకు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఎలా తెలిసింది వదినా?"

"నువ్వు జ్వరం నుంచి లేచిన వారం, కూరలో ఉప్పు మర్చిపోయాను. మీ అన్న గిన్నె పగలగొట్టినంత పని చేశాడు. నేను కాపురానికి వచ్చినప్పట్నుంచీ నా వంటకి వంకలు పెట్టినవాడివి, నువ్వు మాట్లాడకుండా తిని లేచావు. అనుమానం వచ్చింది. మర్నాడు నీ టీలో చక్కెరకి బదులు ఉప్పు వేశాను."

"నేను తాగానా?"

"చివరి చుక్క దాకా తాగావు. బాగుంది వదినా అన్నావు." ఆవిడ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "వెనక్కి వెళ్ళి ఏడ్చాను. నీకు నువ్వే చెబుతావని చూశాను. ఆ రోజు అన్నం దగ్గర కూడా అడిగాను."

"అడిగావు," అన్నాడు. "తప్పయిపోయింది వదినా." అంతకుమించి ఏమనాలో తెలియలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగితే తడి ఆకు పట్టుకున్న చేత్తోనే తుడుచుకున్నాడు.

"చాల్లే. ఆకు ఆరిపోతుంది, పని చూడు," అంది వదిన.

మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరూ వెనక వాకిలి మెట్ల మీద కూర్చున్నారు. తినడం అయ్యాక వదిన సంచిలో చెయ్యి పెట్టి, పొడి గుడ్డలో చుట్టినదేదో తీసింది. మడతలు విప్పితే పెద్ద చుట్ట. పై ఆకు మీద ఒక్క ముడత లేదు. కొస దగ్గర మాత్రం కట్టు కాస్త సడలి ఉంది.

మేస్త్రి ఆ సడలిన చోట వేలు పెట్టి చూశాడు.

"ఒకటి విప్పలేదు," అంది వదిన. "విప్పడానికి చెయ్యి రాలేదు. దొంగతనమే. చెప్పుకుంటావో ఏం చేసుకుంటావో నీ ఇష్టం."

"కాల్చు," అన్నాడు.

"నేనా? జన్మలో కాల్చలేదు. కొరికి చూడ్డమే."

"నేను కాలిస్తే ఏముంది, వేడి గాలి. నువ్వు కాల్చి నాకు చెప్పు."

కొస కత్తిరించి ఇచ్చాడు. అగ్గిపుల్ల గీసి, మంట తగలకుండా ఎడంగా పట్టుకున్నాడు. "తిప్పు. తొందరలేదు, అంచంతా అంటుకోనీ. ఇప్పుడు లాగు. మింగకు, మింగకూడదు! నోట్లోనే ఉంచు."

వదిన దగ్గింది. కళ్ళ నీళ్ళు కారాయి. తిట్టింది. మళ్ళీ లాగింది. ఈసారి పొగని నోట్లో నిలబెట్టి, అతను చేయి తిప్పి చూపించినట్టు తిప్పి, వదిలింది. ఆవిడ మొహం నెమ్మదిగా తేటపడింది.

మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. రెప్పల మధ్య సందు లేకుండా, పూర్తిగా.

"వేయించిన గింజలు," అంది. "పొయ్యి మీంచి అప్పుడే దింపినట్టు. ఎండలో పెట్టిన తోలు కూడా ఉంది. గుర్తున్నాయా నీకు?"

"గుర్తున్నాయి. చెప్పు."

"ఉండు." చుట్ట చిటచిటమనడం వినబడింది. "ఇప్పుడు మిరియం. నాలుక అంచు మీద మాత్రమే, మధ్యలో లేదు. నిప్పు వంకర పోతోంది మరిదీ, నుసి ఓ పక్కకి వాలింది. ఆ మాట మాత్రం నువ్వు అబద్ధం చెప్పలేదు."

"చివర?"

"తొందరపడకయ్యా, వస్తుంది." మళ్ళీ లాగింది. లాగి చాలాసేపు ఆగింది. ఆవిడ గొంతు సన్నబడింది. "వచ్చింది. తేనె. నేను చుట్టిందేనా ఇది? ఇన్నేళ్ళూ ఇవేనా చుట్టాను?"

మెట్టు మీద చప్పుడైతే అతను కళ్ళు తెరిచాడు. వదిన లేచి నిలబడింది. మేస్త్రి మాట వినేటప్పుడు చుట్టేవాళ్ళు ఎలా నిలబడతారో అలా, చేతులు ముందుకి పెట్టుకుని, పీలిక చుట్టిన బొటనవేలిని రెండో చేత్తో కప్పుకుని.

మేస్త్రి లేవలేదు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"కట్టండి," అన్నాడు.

అక్కడ కట్టడానికి గుట్టా లేదు, రిబ్బనూ లేదు. వదిన తల ఊపి కూర్చుంది. ఇంకాసేపటికి లోపల గంట కొట్టారు. ఆవిడ చుట్టని మెట్టు అంచున ఆనించి, అన్నం గిన్నెలు సంచిలో సర్దుకుని, "పద, ఆకు ఆరిపోతుంది," అంది.